పెద్దాయన అనని మాట

పుష్పవల్లి కోసం పార్టీ కారు వచ్చిందంటే ఆఫీసులో ఎవరూ నమ్మలేదు. అందరికంటే ముందు ఆమే నమ్మలేదు.

అది 1994 సెప్టెంబరు. ఫిల్మ్‌నగర్‌లో ఒక సినిమా కంపెనీ ఆఫీసు వెనకగదిలో స్క్రిప్టులు టైపు చెయ్యడం ఆమె ఉద్యోగం. వయసు యాభై మూడు. పెళ్ళి చేసుకోలేదు. వెంగళరావు నగర్‌లో రెండు గదుల వాటాలో ఒక్కతే ఉంటుంది. కొత్తగా చేరినవాళ్ళకు ఆమె గురించి అంతకు మించి తెలియదు. పాతవాళ్ళకు ఇంకొకటి తెలుసు. లోకసేవా పార్టీ పెట్టి, పోయేదాకా దానికి అధ్యక్షుడుగా ఉన్న పెద్దాయన అచ్యుతరామయ్యగారికి పదమూడేళ్ళ పాటు ఆవిడే స్టెనో. ఆయన ఏ ఊళ్ళో మాట్లాడినా వేదిక పక్కన స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో నోటుబుక్కు పెట్టుకుని షార్ట్‌హ్యాండ్‌లో రాసుకునేది. మర్నాడు పత్రికల్లో వచ్చేది ఆమె టైపు చేసిన కాపీయే.

పెద్దాయన పోయి తొమ్మిదేళ్ళవుతోంది. ఇన్నేళ్ళలో పార్టీ నుంచి ఆమెకు ఒక్క ఉత్తరం ముక్క రాలేదు. వర్ధంతి సభకు కూడా పిలవలేదు. పెద్దాయన్ని మాత్రం పార్టీ వదల్లేదు. పోయినవాళ్ళ కళ్ళు చారెడు అన్నట్టు, ఎన్నిక ఎన్నికకూ ఆయన ఫొటో పెద్దదవుతూ వచ్చింది, ఫొటోలో ఆయన వయసు తగ్గుతూ వచ్చింది. ఊరూరా గోడల మీద ఆయన మాటలు రాయించారు. అన్నిటికంటే ఎక్కువగా కనపడేది ఒకటే: ‘పొయ్యి వెలగని ఇంటి మీద జెండా ఎగరదు.’ యూసుఫ్‌గూడ బస్టాపులో ఆ మాట రాసిన గోడ పక్కనే ఆమె రోజూ బస్సు కోసం నిలబడేది. తలెత్తి చూసేది కాదు.

కారులో వచ్చినాయన పేరు భీమశంకరం. పార్టీ ప్రచారం పనులన్నీ ఆయన చేతిమీదుగానే నడుస్తాయట.

“మిమ్మల్ని పట్టుకోలేక చచ్చామండీ,” అన్నాడు నవ్వుతూ.

ఎనిమిదేళ్ళుగా ఇదే ఆఫీసు, ఇదే కుర్చీ. పట్టుకోడానికి ఏముంది అనుకుంది పుష్పవల్లి.

“పెద్దాయన మీద సినిమా తీశామండీ. గంట సేపు ఉంటుంది. ఎన్నికల్లో ఊరూరా వ్యాన్లలో వేస్తాం. మా అధ్యక్షులు పట్టాభిరామయ్యగారు ఒకటే మాటన్నారు. పుష్పవల్లిగారు చూసి సరేనంటేనే బయటికి పంపమని.”

పట్టాభిరామయ్య ఆమెతో చివరిసారి మాట్లాడింది పెద్దాయన దహనమైన సాయంత్రం. “నీ ఆఫీసు గది తాళాలు ఇచ్చేసి వెళ్ళమ్మా,” అన్నాడు అప్పుడు. అంతే. అలాంటి మనిషికి ఇవాళ ఆమె మాట కావలసివచ్చిందా? ఎలుకకు పిల్లి పెళ్ళిపిలుపు పంపినట్టుంది అనుకుంది. అనుకుంటూనే చెప్పులు తొడుక్కుంది. పెద్దాయన ముఖం తెర మీద కదులుతుంటే చూడాలని లోపల ఎక్కడో ఆశ.

ప్రివ్యూ థియేటర్ పక్క వీధిలోనే. ముప్ఫై సీట్ల గదిలో ఆమె, భీమశంకరం, ప్రొజెక్టర్ నడిపేవాడు. సినిమా మొదలైంది. పాత న్యూస్‌రీళ్ళలోంచి తీసిన ముక్కలు. జనం, జెండాలు, బురద రోడ్ల మీద జీపులు. పెద్దాయన కంచం ముందు కూర్చుని చేత్తో వద్దు వద్దు అంటున్న ఒక ముక్క చూసి ఆమె కళ్ళు చెమర్చాయి.

చివర్లో ఏలూరు సభ వచ్చింది. పోవడానికి రెండు నెలల ముందు ఆయన మాట్లాడిన ఆఖరి పెద్ద సభ అది. కెమెరా చాలా దూరాన ఉంది. మైకు ముందు తెల్ల చుక్కలా పెద్దాయన, పైన గొంతు మాత్రం స్పష్టంగా.

పుష్పవల్లి కుడిచెయ్యి చీర కుచ్చెళ్ళ మీద దానంతటది కదలడం మొదలుపెట్టింది. పదమూడేళ్ళ అలవాటు. ఆయన మాట వింటే వేళ్ళు గీతలు గీసేస్తాయి. ఆయనకు ఉబ్బసం. నాలుగు మాటలకొకసారి ఊపిరి తీసుకునేవాడు. ఆ ఊపిరిలోనే ఆమె పేజీ తిప్పేది. తెర మీద గొంతు సాగుతోంది, వేళ్ళు సాగుతున్నాయి. ఉన్నట్టుండి వేళ్ళు తడబడ్డాయి.

“నా తర్వాత ఈ జెండా పట్టాభి చేతిలో ఉంటేనే నా ఆత్మకు శాంతి. పట్టాభి నడిచే దారే నా దారి.”

గొంతు ఆయనదే. ఊపిరి మాత్రం ఆయనది కాదు. పైగా పెద్దాయన ఏనాడూ ఎవరినీ ఉత్త పేరుతో పిలిచి ఎరగడు. డ్రైవర్ని కూడా గారూ అనేవాడు.

దీపాలు వెలిగాయి. భీమశంకరం ఒక కాగితం ముందు పెట్టాడు. ఈ చిత్రంలోని మాటలన్నీ అచ్యుతరామయ్యగారు తన ఎదుట పలికినవేనని ఆమె ధ్రువీకరిస్తున్నట్టు అందులో టైపు చేసి ఉంది. కింద ఆమె పేరు, సంతకానికి చోటు.

“ఏలూరు మాటలు నాకు గుర్తు రావట్లేదండీ,” అంది పుష్పవల్లి. “ఇంటికెళ్ళి నోటుబుక్కులో చూసుకుని చెప్తాను.”

భీమశంకరం నవ్వు అలాగే ఉంది. కళ్ళు మాత్రం మారాయి.

“నోటుబుక్కులు ఇంకా మీ దగ్గరే ఉన్నాయా?”

అప్పుడు అర్థమైంది ఆమెకు. సంతకం రెండో సంగతి. వాళ్ళు తెలుసుకోవాలనుకున్నది ఇదీ. తన నోటితోనే చెప్పేసింది.

మర్నాడు సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఇంటావిడ నీలమ్మ గుమ్మంలోనే ఆపింది.

“కరెంటు మీటరు చూస్తమని ఇద్దరొచ్చిండ్రు పుష్పమ్మా. నీ గది తాళం తియ్యమన్నరు. ఆమె లేంది నేను తియ్య అన్న. మంచం కింద పెట్టె గిట్ల ఉందా అని అడిగిండ్రు. మీటరుకు పెట్టెతోని ఏం పని?”

పుష్పవల్లి లోపలికి వెళ్ళి మంచం కింది ట్రంకుపెట్టె లాగింది. తాళం వేసే ఉంది. తాళం చుట్టూ గీతలున్నాయి. అవి కొత్తవా, పాతవా? ఎంత చూసినా తేలలేదు. ఇన్నేళ్ళలో ఆ గీతలు తను ఎప్పుడూ గమనించనేలేదు. ఆ రోజు నుంచి ఇంటి ముందు స్కూటరు ఆగితే కిటికీ దగ్గరికి వెళ్ళి చూడటం మొదలైంది. పాలు పోసే మనిషి కొత్తవాడైతే ఏ ఊరని అడిగేది. ఆఫీసులో టెలిఫోను మోగి అవతలివాళ్ళు పెట్టేస్తే ఆ పూటంతా మనసు మనసులో ఉండేది కాదు.

ఆదివారం పొద్దున బాలనర్సయ్య వచ్చాడు.

నలభై ఏళ్ళవాడు. బోరబండలో ఉంటాడు. డబ్బింగ్ థియేటర్లలో గుంపు గొంతులు, ముసలివాళ్ళ గొంతులు చెప్తాడు. డైలాగు కాగితాల కోసం ఆఫీసుకు వస్తూ పోతూ ఉంటాడు కాబట్టి ఆమెకు ముఖపరిచయం. ఇంటికి ఎన్నడూ రాలేదు.

గుమ్మం బయటే నిలబడి, “అమ్మా, గా సినిమాల గొంతు నాది,” అన్నాడు.

పుష్పవల్లి తలుపు పూర్తిగా తియ్యలేదు. “ఏ సినిమా?”

“పెద్దాయన సినిమా. ఏలూరు సభ. ఆఖరికి పట్టాభి పట్టాభి అని వస్తది జూడు, గా రెండు మాటలు నేను చెప్పిన. వేషం కట్టినోడు మాట్లాడే సీను అన్నరమ్మా నాకు. అసలు బొమ్మకు అతికిస్తరని నాకెర్కలేదు. మీరు సంతకం పెడ్తున్నరని థియేటర్ల విన్న. పెట్టొద్దని చెప్పనీకె వచ్చిన.”

“నా ఇల్లు నీకెవరు చూపించారు?”

“ఆఫీసుల అడిగిన.”

“భీమశంకరంగారు పంపారా? పెట్టె ఎక్కడుందో చూసి రమ్మన్నారా?”

బాలనర్సయ్య ముఖం మాడిపోయింది. “ఏం పెట్టె? నాకేం తెల్వదమ్మా. మా నాయిన పెద్దాయన మీటింగు ఒక్కటి ఇడ్సేటోడు కాదు. ఇంటికొచ్చినంక నేను పెద్దాయన లెక్క మాట్లాడి నాయిన్ను నవ్విస్తుంటి. గట్లొచ్చింది నాకు గీ విద్య. ఇయ్యాల నాయిన బతికుంటే నా చెంప పగలగొట్టేటోడు. నమ్మకపోతే మీ ఇష్టం.” వెనక్కి తిరిగాడు.

“ఆగు,” అంది ఆమె. “ఏదీ, ఆ మాట ఇక్కడ అను.”

బాలనర్సయ్య గొంతు సవరించుకున్నాడు. చెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నాడు. ఆ మెట్ల దగ్గర, నీలమ్మ ఆరేసిన చీరల పక్కన, తొమ్మిదేళ్ళ కింద కాలిపోయిన మనిషి మాట్లాడాడు. “నా తర్వాత ఈ జెండా...”

“చాలు!” అంది పుష్పవల్లి. తలుపు బార్లా తీసింది. కాఫీ ఇచ్చింది. అయినా అతను వెళ్ళేదాకా మంచం వైపు చూడకుండా జాగ్రత్తపడింది.

అతను వెళ్ళాక గడియ పెట్టి పెట్టె తెరిచింది. మొత్తం నలభై ఏడు నోటుబుక్కులు. ఏలూరుది సులభంగానే దొరికింది. ఆఖరి పేజీ దాకా చదివింది. పట్టాభిరామయ్య పేరే లేదు. పంచదార మిల్లు కార్మికుల గురించి చెప్పి, దణ్ణం పెట్టి కూర్చున్నాడు పెద్దాయన.

ఆ తర్వాతి నోటుబుక్కులో సగం పేజీలే నిండి ఉన్నాయి. అది ఆఖరిది. అందులో ఏముందో ఆమెకు తెలుసు. తెలిసీ తొమ్మిదేళ్ళుగా తెరవలేదు. జూబ్లీ హిల్స్‌లో తన ఇంట్లో, మేడ మీది వరండాలో, పోవడానికి పన్నెండు రోజుల ముందు పెద్దాయన పార్టీ కార్యవర్గానికని ఆమెతో రాయించిన ఉత్తరం అది. “రేపు టైపు చెయ్యండమ్మా,” అన్నాడు. మర్నాడు, “ఉండనీలెండి, చూద్దాం,” అన్నాడు. తర్వాత ఆస్పత్రి. ఆయన చెయ్యమనలేదు కాబట్టి ఆమె టైపు చెయ్యలేదు.

ఉత్తరంలో మూడు సంగతులున్నాయి. పట్టాభిరామయ్యగారు తనకు చెప్పకుండా పార్టీని ఇంకో పార్టీలో కలిపేందుకు మంతనాలు జరిపారనీ, అధ్యక్ష పదవికి ఆయన పేరు తలపెట్టవద్దనీ మొదటిది. తన ఇంటివాళ్ళను ఎవరినీ తన పేరు చెప్పి ముందుకు తేవద్దనీ, అలా చేస్తే అది పార్టీ కాదు ఆస్తి పంపకమనీ రెండోది. తను పోయాక ‘ఇది అచ్యుతరామయ్య మాట’ అని ఎవరేం తెచ్చినా నమ్మవద్దనీ, చెప్పదలచుకున్నదంతా బతికుండగానే చెప్పాననీ మూడోది.

ఇది ఎవరికివ్వాలి? ఆలోచించగా ఒక్కరే కనపడ్డారు. పెద్దాయన భార్య సీతామహాలక్ష్మిగారు. ఆవిడ ఆరునెలల కిందటే పట్టాభిరామయ్యతో తెగతెంపులు చేసుకుని, ‘అసలైన లోకసేవా పార్టీ’ అని వేరే కుంపటి పెట్టారు. ఆ బోర్డు మీదా పెద్దాయన ఫొటోయే.

జూబ్లీ హిల్స్ ఇంట్లో ఆవిడ పుష్పవల్లిని హాల్లో కాకుండా లోపల పూజగది పక్కన కూర్చోబెట్టారు. పదమూడేళ్ళు ఆ ఇంటికి వచ్చినా ఆమె అక్కడిదాకా వెళ్ళడం అదే మొదలు.

“పుష్పా, ఆయనతో ఊళ్ళు తిరిగావు. నేనేమనుకునేదాన్నో నీకు తెలుసు,” అన్నారు సీతామహాలక్ష్మిగారు.

“తెలుసండీ.”

“తప్పుగా అనుకున్నానే. ఈ మాట అప్పుడే చెప్పాల్సింది.”

ఈ ఒక్క మాట కోసమే తను ఇన్నాళ్ళూ కాచుకుని ఉందేమో అనిపించింది పుష్పవల్లికి. నోటుబుక్కు తీసి చదివి వినిపించింది. పట్టాభిరామయ్య సంగతి వచ్చినప్పుడు ఆవిడ కళ్ళు మెరిశాయి. ఇంటివాళ్ళ సంగతి వచ్చినప్పుడు పమిట సర్దుకున్నారు.

“నువ్వు తప్ప ఇది చదవగలిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?” అని అడిగారు.

“షార్ట్‌హ్యాండ్ నేర్చినవాళ్ళు కొంత చదవగలరండీ. నా సొంత గుర్తులు మాత్రం వాళ్ళకు తెలీవు.”

“అయితే మొదటి పేరా టైపు చేసిపెట్టు. అంతవరకే చాలు. మిగతాది జబ్బులో ఉండి అన్నారు, ఆయన మనసులో మాట కాదది. భార్యను, నాకు తెలీదా?”

పుష్పవల్లి నోటుబుక్కు మూసింది. ఇందాకటి క్షమాపణ నిజమేనా, ఈ పేరా కోసం కట్టిన ముడుపా? రెండూ అయి ఉండొచ్చు. ఆలోచించి చెప్తానని లేచింది. గేటు దాకా డ్రైవర్ వెంట వచ్చాడు. “అమ్మగారు దింపి రమ్మన్నారండీ,” అన్నాడు. వద్దని నడిచింది. తన ఇల్లు ఎక్కడో ఇంకొకరికి చూపించడం ఎందుకని.

ఆ దిగుడు రోడ్డు మీద నడుస్తుంటే ఇన్నేళ్ళు పక్కకు నెట్టిన సంగతి ముందుకొచ్చి నిలబడింది. వాళ్ళిద్దరినీ తప్పుపడుతోంది కదా, మరి జనగామ మాటేమిటి?

1974లో జనగామ సభ. పెద్దాయన మాట్లాడుతుంటే మైకు కీచుమంది. ‘పొయ్యి’ అనడం వినపడింది. తర్వాత అంతా గోల. చివర్లో ‘జెండా ఎగరదు’ అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. మధ్యలో ఏమన్నాడో ఆమెకు తెలియదు. మర్నాడు పొద్దున్నే కాపీ ఇవ్వాలి. ఆయన నిద్రపోతున్నాడు. ఖాళీగా వదిలేస్తే స్టెనోకు చేతకాలేదంటారని భయం. పొయ్యికీ జెండాకూ మధ్య ఆమే మూడు మాటలు వేసి అతికింది. పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చింది. పెద్దాయన చదివి, కళ్ళజోడు మీంచి ఆమెను చూసి, “బాగానే అన్నానే,” అన్నాడు. తర్వాత ప్రతి సభలోనూ ఆ మాట అన్నాడు. ఆ అతుకు ఆయన పట్టుకున్నాడో, లేదో, ఆమెకు ఎన్నడూ తెలియలేదు.

మర్నాడు ఆఫీసులో బాలనర్సయ్యను పిలిచి సాయంత్రం ఇంటికి రమ్మంది. ఇప్పుడు కూడా అనుమానం పూర్తిగా పోలేదు. కానీ టైపు చేసింది సరిచూడాలంటే ఒకళ్ళు చదవాలి, ఒకళ్ళు నోటుబుక్కు పట్టుకోవాలి. ఇంకెవరున్నారు?

మూడు సంగతులూ ఉన్నదున్నట్టు టైపు చేసింది. కింద ఇంకో కాగితం జతచేసింది. అందులో జనగామ మాట ఎలా పుట్టిందో రాసింది.

బాలనర్సయ్య అది చదివి ఆగిపోయాడు. “గిదెందుకమ్మా? గిది రాయకుంటే మంచిగుండు. గీ కాయితం జూసి, ఈమెనే మాటలు పుట్టిస్తది అంటరు. మొదటి కాయితం గూడ ఎవ్వడు నమ్మడు.”

“నాకూ తెలుసు.”

“మరి?”

“నీ గొంతు నీదని నువ్వు చెప్పుకున్నావు కదా. నా మాట నాదని నేను చెప్పుకోకుండా, వాళ్ళవి అబద్ధాలని ఏ మొహంతో అంటాను?”

బాలనర్సయ్య కూడా కలం తీశాడు. తను గొంతిచ్చిన సంగతి ఇంకో కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. ఆ మూడు కాగితాలూ ఒక పత్రిక ఆఫీసుకు వెళ్ళాయి.

అతను చెప్పినట్టే అయింది. పత్రికలో లోపలి పేజీలో వచ్చింది. ఆ సాయంత్రమే భీమశంకరం విలేఖర్లను పిలిచి, “పెద్దాయన మాటలు కల్పించే అలవాటు తనకుందని ఆవిడే ఒప్పుకుంటున్నారు. ఇంక ఈ ఉత్తరాన్నేం నమ్మమంటారు? పైగా నేను పోయాక ఎవరేం తెచ్చినా నమ్మొద్దని పెద్దాయనే అన్నట్టు ఆవిడే రాశారు. మేం ఆయన మాటే పాటిస్తున్నాం,” అన్నాడు. విలేఖర్లు నవ్వారట. సీతామహాలక్ష్మిగారి పార్టీ, ‘పెద్దాయన మనసు తెలియని ఒక ఉద్యోగిని అభూతకల్పన’ అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

సినిమా కంపెనీ యజమానికి పట్టాభిరామయ్యతో వియ్యపు వరస. నెల తిరక్కుండా పుష్పవల్లి కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు. బాలనర్సయ్యకు రెండు థియేటర్లలో పని ఆగిపోయింది. మూడోదాంట్లో మాత్రం పిలుస్తూనే ఉన్నారు, అలాంటి ముసలి గొంతు ఇంకొకరికి లేదు కాబట్టి.

ఒక్కటి జరిగింది. వ్యాన్లు ఊళ్ళ మీదికి బయల్దేరినప్పుడు సినిమాలో ఆ రెండు మాటలూ లేవు. ఎవరు తీసేయించారో, కోర్టు భయమో, ఏదో. ఏలూరు సభలో పెద్దాయన పంచదార మిల్లు గురించి చెప్పి, దణ్ణం పెట్టి కూర్చున్నాడు. యూసుఫ్‌గూడలో వ్యాను ఆగినప్పుడు ఆమె జనం వెనకాల నిలబడి చివరిదాకా చూసింది. ఈసారి వేళ్ళు ఎక్కడా తడబడలేదు.

ఎన్నికల్లో రెండు పార్టీలూ మట్టికరిచాయి. మరుసటి ఏడు పెద్దాయన పదో వర్ధంతికి పట్టాభిరామయ్య, సీతామహాలక్ష్మిగారు ఒకే దండ చెరోవైపు పట్టుకుని విగ్రహానికి వేస్తున్న ఫొటో పత్రికల్లో పడింది. పార్టీలు రెండూ కలిసిపోయాయి. అది పెద్దాయన చివరి కోరిక అని ఇద్దరూ చెప్పారు.

పుష్పవల్లి అప్పటికి ఎస్సార్ నగర్‌లో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో షార్ట్‌హ్యాండ్ చెప్తోంది. మధ్యాహ్నాలు ఖాళీ ఉన్నప్పుడు పాత నోటుబుక్కులు మామూలు తెలుగులోకి రాస్తోంది. వినపడనిచోట చుక్కలు పెట్టి వదిలేస్తోంది.

ఒక మధ్యాహ్నం ఒక ముసలాయన వెతుక్కుంటూ వచ్చాడు. తలపాగా, చేతిలో గుడ్డ సంచి. పేరు వెంకటనర్సయ్య, ఊరు జనగామ పక్కన అన్నాడు. సంచిలోంచి మడతలు చిరిగిపోతున్న పేపరు తీశాడు. ఏడాది కిందట ఆమె రాసిన జనగామ సంగతి అచ్చయిన పేజీ అది.

“పుష్పవల్లమ్మంటే మీరేనా? గా మాట మీద నమ్మకంతోని నేను ఇరవై ఏండ్లు జెండ మోసిన. మా ఇంటి గోడ మీద నా చేతులతోని రాసిన. గది ఆయనదా, మీదా?”

“మొదటి మాటా, చివరి రెండూ ఆయనవే నాయనా. మధ్యలోవి నావి. ఆయన నిజంగా ఏమన్నారో నాకు వినపడలేదు.”

ముసలాయన కాసేపు బల్ల మీద పేపరు మడతలు చేత్తో సాపు చేస్తూ కూర్చున్నాడు.

“గా మీటింగుల నేను ముందల కూసున్న,” అన్నాడు చివరికి. “మైకు లేకున్న ఇనొస్తది గాడికి.”

పుష్పవల్లి కుర్చీలో ముందుకు వంగింది. “అయితే ఏమన్నారు? మీకు గుర్తుందా?”

“యాది చేసుకుంట యాది చేసుకుంట ఏడాదయింది అమ్మా. ఎంత జేసినా మీరు రాసిందే యాదికొస్తున్నది. ఆయన నోట్లె నుంచి అదే వచ్చినట్టు కొడ్తున్నది. ఇంగ నేనేం చెప్పాలె?”

క్షమించమని అడుగుదామా అనుకుంది పుష్పవల్లి. అడిగితే ఏం క్షమిస్తాడు? “టీ తాగుతారా?” అంది.

ముసలాయన టీ తాగాడు. పేపరు మళ్ళీ మడిచి సంచిలో పెట్టుకున్నాడు. మెట్లు దిగబోతూ, “పొయ్యి ఎలగని ముచ్చట మీ ఇంట్లదా?” అని అడిగాడు.

“ఆ వారం మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. మా నాన్న పనిచేసే మిల్లు మూసేశారు. అమ్మ ఉత్తరం రాసింది.”

వెంకటనర్సయ్య తలూపాడు. మెట్లు దిగిపోయాడు.

అతను దిగాక పుష్పవల్లి కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఈయన్ని ఎవరైనా పంపారా? ఇరవై ఏళ్ళు జెండా మోసినవాడు ఏడాది ఆగి ఇప్పుడే ఎందుకొచ్చాడు? వీధి ఆ చివర నుంచి ఈ చివరకు చూసింది. ఎక్కడా కారు ఆగి లేదు. ముసలాయన ఎండలో సంచి భుజానికి తగిలించుకుని, దారి తెలియక ఒక కిళ్ళీకొట్టు దగ్గర ఆగి, జనగామ బస్సు ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నాడు. ఆమె చెప్పులు తొడుక్కుని, దారి చూపించడానికి గబగబా మెట్లు దిగింది.